కొత్త కారు – మొదటి వేయి కిలోమీటర్లు

కొత్తగా చెక్కించి తెచ్చిన రోటిలో ఏ ఇల్లాలును వెంటనే పిండి రుబ్బదు. మొదట ఊకయో తవుడో వేసి కొంతసేపు రుబ్బి, రాలిన రాతిపొడిని కడిగి పారబోయును. ఇట్లు రెండు మూడు మారులు చేసిన పిదపనే ఆ రోలు వంటకు పనికివచ్చును. రాతిపొడి పోవుట ఇందులో కంటికి కనిపించు ఫలితము. కంటికి కనిపించని ఫలితము మరియొకటి కలదు. ఉలి దెబ్బలకు మిగిలిపోయిన మొనలు అరిగి, రోలును పొత్రమును ఒకదానికొకటి అమరును. రెండు రాళ్లును ఎక్కువచోట్ల తాకుటచే పిండి సమముగా నలుగును.

లోహముతో చేసిన యంత్రమునకును ఇదియే న్యాయము. కర్మాగారమునుండి వెలువడిన కారు చూచుటకు పూర్తియైన వస్తువే. కాని దాని లోపల ఒకదానిపై ఒకటి జారు భాగములు ఇంకను ఒకదానికొకటి అమరవలసియుండును. ఈ చివరి పనిలో కొంత భాగము కర్మాగారములో జరుగదు. కారు కొన్నవారి చేతిలో, రోడ్డుమీద జరుగును. దీనిని మెకానిక్కులు ‘రన్నింగ్ ఇన్’ అందురు. తెలుగులో ‘కుదురుకొనుట’ అనవచ్చును.

హైదరాబాదునకు ఉత్తరమున నున్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములవారికి ఈ విషయము ప్రత్యేకముగా తెలియదగినది. 2016 అక్టోబరులో మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడునాటికే ఈ పల్లెలు నగరముతో కలిసిపోవుచుండెను. గేర్లు తామే మార్చుకొను కార్లు నేడు ఇక్కడి ఇండ్లముందు సాధారణముగా కనిపించును. ఇండ్ల ముంగిట నుండియే వేగముగా పోదగిన పెద్ద రోడ్లును ఉన్నవి. కొత్త కారు కొన్నవారికి ఇరుగుపొరుగువారు రెండు సలహాలు చెప్పుచుందురు. ‘వేయి కిలోమీటర్లవరకు నలుబది దాటవద్దు’ అనునది మొదటిది. ‘ఇప్పటి కార్లకు ఇవేవియు అక్కరలేదు, రింగు రోడ్డు ఎక్కి ఒక్క ఊపున పొమ్ము’ అనునది రెండవది. రెండింటిలోను కొంత సత్యము కలదు. రెండును పూర్తి సత్యములు కావు. కారణము తెలియవలెనన్న ఇంజను లోపల ఏమి జరుగుచున్నదో చూడవలెను.

నునుపు కాని నునుపు

ఇంజనులోని సిలిండరు గోడను వ్రేలితో తాకినచో అద్దమువలె నున్నగా తోచును. సూక్ష్మదర్శినితో చూచినచో అదియే దున్నిన చేనువలె కనిపించును. ఏటవాలుగా పోవుచు ఒకదానినొకటి ఖండించు సన్నని సాళ్లు గోడ నిండ ఉండును. ఇవి పొరపాటున మిగిలినవి కావు. రాపిడి రాళ్లను సిలిండరులో త్రిప్పుచు, పైకిని క్రిందికిని ఆడించి, కావలెననియే ఈ సాళ్లను గీయుదురు. ఈ పనికి హోనింగు అని పేరు. సాళ్ల లోతు మిల్లీమీటరులో వేయవవంతు గాని, అందుకు కొన్ని రెట్లు గాని ఉండును. తలవెంట్రుక మందము అట్టి వంతులు 50 నుండి 100 వరకు ఉండునని తెలిసినచో ఈ సాళ్లు ఎంత సన్ననివో ఊహింపవచ్చును. కందెన నూనెను పట్టి నిలుపుటయే ఈ సాళ్ల పని.

సాళ్ల మధ్య గట్లవంటి ఎత్తులు ఉండును. రెండు లోహతలములు తాకినప్పుడు, పీట నాలుగు కాళ్లపై నిలిచినట్లు, బరువంతయు కొన్ని ఎత్తైన మొనలమీదనే పడును. కంటికి కనిపించు తాకిడి వైశాల్యము వేరు, నిజముగా తాకు వైశాల్యము వేరు. నిజముగా తాకునది మొత్తములో చాల స్వల్పభాగము. ఈ సంగతిని ప్రయోగములద్వారా స్పష్టపరచినవారిలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన బౌడెన్, టేబర్ అను శాస్త్రజ్ఞులు ముఖ్యులు. ఘర్షణమును, కందెనలను గురించిన వారి ప్రసిద్ధ గ్రంథము 1950లో వెలువడినది. 1966లో బ్రిటనులో పీటర్ జోస్ట్ అధ్యక్షతన ఒక సంఘము ఇచ్చిన నివేదిక తరువాత ఘర్షణము, అరుగుదల, కందెనల శాస్త్రమునకు ‘ట్రైబాలజీ’ అను పేరు వ్యాప్తిలోనికి వచ్చినది.

ఎండ్లబండి ఇరుసుకు కందెన ఎందుకు పెట్టుదురో పల్లెలలో అందరికిని తెలియును. ఇరుసునకును చక్రమునకును నడుమ నూనెపొర నిలిచి, ఒకదానిని మరియొకటి తాకనీయదు. ఇంజనులోను నూనె చేయు పని ఇదియే. కాని కొత్త ఇంజనులోని మొనలు కొన్ని నూనెపొర మందముకంటె ఎత్తుగా ఉండును. అవి పొరను చీల్చుకొని ఎదుటి లోహమును తాకును. ఆ మొనలను మెల్లగా అణచి, సాళ్లను మాత్రము చెడకుండ నిలుపుటయే కుదురుకొనుటలోని సారాంశము.

రింగులు అమరు విధము

పిస్టను చుట్టును గాడులలో కూర్చిన లోహపు రింగులు ఉండును. వీనికి రెండు పనులు కలవు. పైన మండు వాయువులను క్రిందికి పోనీయకుండుట ఒకటి. క్రింది నూనెను పైకి ఎక్కనీయకుండుట రెండవది. రింగు తన స్వంత స్థితిస్థాపకతచే గోడను కొంత ఒత్తును. కాని ముఖ్యమైన ఒత్తిడి వేరుచోటనుండి వచ్చును. పెట్రోలు మండినప్పుడు పుట్టిన వాయువు రింగునకు వెనుకనున్న సందులోనికి దూరి, దానిని గోడకు అదిమిపట్టును. ఇంజను ఎంత భారము లాగుచున్నదో, ఈ అదుము అంత బలముగా ఉండును.

ఈ రాపిడి ఎంత జరుగునో ఒక చిన్న లెక్కవలన తెలిసికొనవచ్చును. కారు సగటున గంటకు 40 కి.మీ. వేగముతో పోయినచో 1000 కి.మీ. పోవుటకు 25 గంటలు పట్టును. ఇంజను నిమిషమునకు సగటున 2000 చుట్లు తిరిగినదనుకొనినచో, ఆ 25 గంటలలో అది 30 లక్షల చుట్లు తిరుగును. ఒక్కొక్క చుట్టునకు పిస్టను ఒకసారి పైకిని, ఒకసారి క్రిందికిని పోవును. ఒక్క పోకకు 8 సెంటీమీటర్లు అనుకొనినచో చుట్టునకు 16 సెంటీమీటర్లు. 30 లక్షల చుట్లకు 480 కి.మీ. అగును. కారు వేయి కిలోమీటర్లు పోవులోపల ప్రతి రింగును జానెడు పొడవైనను లేని సిలిండరు గోడమీద దాదాపు ఐదువందల కిలోమీటర్లు రాచుకొనుచు పోవునన్నమాట.

ఇప్పుడు పై రెండు సలహాలను పరీక్షింపవచ్చును. కారును ఎల్లప్పుడును మెల్లగా, ఒకే తీరున నడిపినచో వాయువు ఒత్తిడి తక్కువగా ఉండును. రింగు గోడను చాలినంత అదుమదు. మొనలు అణగవు. వానిమధ్య నిలిచిన నూనె వేడికి మాడి, గోడకు గాజువంటి గట్టిపొరగా పట్టవచ్చును. ఈ పొర సాళ్లను పూడ్చివేసినచో రింగులు ఇక ఎన్నటికిని సరిగా అమరవు. అట్టి ఇంజను నూనెను త్రాగును. పొగ గొట్టమునుండి నీలిపొగ వచ్చును. ఆ నూనెలోని పదార్థములు పొగను శుద్ధిచేయు కాటలిటిక్ కన్వర్టరును కూడ క్రమముగా చెరచును.

దీనికి విరుద్ధముగా మొదటినుండి పూర్తి బలముతో నడిపినచో మరియొక చిక్కు వచ్చును. మొనలవద్ద పుట్టు వేడిమి నూనె మోసికొనిపోగలిగినదానిని మించును. లోహము లోహమునకు క్షణకాలము అతుకుకొని, వెంటనే చీలును. గోడపై నిలువు గీరలు పడును. పడిన గీర పూడదు.

కావున కుదురుకొనుటకు మెల్లదనము గాని, వేగము గాని మందు కాదు, మార్పు మందు. కొంతసేపు మధ్యమమైన భారము, తరువాత కొంత విశ్రాంతి, మరల భారము. భారము పడినప్పుడు రింగులు అదిమి మొనలను అణచును. ఆక్సిలరేటరును వదలినప్పుడు సిలిండరులో ఒత్తిడి తగ్గి, తలములు చల్లబడుటకు అవకాశము కలుగును.

నేటి కర్మాగారములలో హోనింగు చేసిన తరువాత, మరింత మెత్తని రాళ్లతో మొనలను ముందుగానే చదునుచేయు పద్ధతి వచ్చినది. ఇందువలన కుదురుకొను కాలము చాల తగ్గినది. 1950 ప్రాంతమున ఇంగ్లండులో కొత్త కారు వెనుక అద్దమునకు ‘ఇంజను కొత్తది, దాటిపొండు’ అను అర్థముగల చీటీ అంటించుకొని నెలలతరబడి మెల్లగా నడుపుచుండెడివారు. నేడు అంత అవసరము లేదు. అయినను కంపెనీలు అనేకము నేటికిని తమ పుస్తకములలో మొదటి 1000 కి.మీ. వరకు ఆక్సిలరేటరును పూర్తిగా త్రొక్కవద్దనియు, చాలసేపు ఒకే వేగముతో పోవద్దనియు వ్రాయుచున్నవి.

గేర్లు తామే మారు కారు

మామూలు కారులో గేరు మార్చువారు నడుపువారే. ఊరిలోను, మిట్టలవద్దను గేర్లు మార్చుటచే ఇంజను వేగము తనంత తానుగా మారుచుండును. ఆటోమేటిక్ కారులో ఈ నిర్ణయము యంత్రము చేతిలో ఉండును. అది ఇంధనము పొదుపుచేయు ఉద్దేశముతో వీలైనంత త్వరగా పై గేరునకు పోవును. కాలు మెత్తగా ఉంచి పోవుచున్నంతసేపు ఇంజను తక్కువ చుట్లతో, తక్కువ భారముతో, ఒకే తీరున తిరుగును. కుదురుకొనుటకు ఇది అనుకూలము కాదు. నడుపువారు తమ పాదముతోనే మార్పును కల్పింపవలెను. చుట్లను చూపు ముల్లుపై దృష్టి ఉంచుట మంచి అలవాటు. నిమిషమునకు 2000 మొదలు 3500 చుట్ల నడుమ మారుచుండునట్లు నడిపినచో చాలును. కారుతో వచ్చిన పుస్తకములో వేరు హద్దు ఉన్నయెడల దానినే పాటింపవలెను.

ఆటోమేటిక్ అను పేరుతో నాలుగు రకముల యంత్రములు అమ్ముడగుచున్నవి. ఒక్కొక్కదాని స్వభావము వేరు.

మొదటిది టార్కు కన్వర్టరు. ఎదురెదురుగా రెండు ఫ్యానులను పెట్టి, ఒకదానిని విద్యుత్తుతో త్రిప్పినచో దాని గాలికి రెండవది కూడ తిరుగును. టార్కు కన్వర్టరులో గాలికి బదులు నూనె ఉండును. ఇంజను త్రిప్పు చక్రము నూనెను విసరును. ఆ నూనె గేరు పెట్టెవైపు చక్రమును త్రిప్పును. నడుమనున్న మూడవ చక్రము నూనె దిశను మరల్చి బలమును పెంచును. జర్మనీకి చెందిన హెర్మన్ ఫోటింగర్ 1905లో ఓడల కొరకు దీనికి పేటెంటు పొందెను. కార్లలో నూనెద్వారా బలమునందించు ఆటోమేటిక్ గేరు పెట్టె అమెరికాలో 1940 మోడలు ఓల్డ్స్‌మొబీలు కార్లతో ప్రజలకు అందినది. టార్కు కన్వర్టరు 1948లో బ్యూయిక్ కార్లలో ప్రవేశించెను.

రెండవది ఎ.ఎం.టి. ఇందులో గేరు పెట్టె మామూలు కారుదే. క్లచ్చిని విడదీయుట, గేరు మార్చుట అను పనులను మాత్రము చిన్న యంత్రము చేయును. భారతదేశములో 2014లో వచ్చిన మారుతీ సుజుకీ సెలెరియోతో ఇది సామాన్య కుటుంబముల కార్లలోనికి ప్రవేశించెను. మూడవది సి.వి.టి. ఇందులో గేర్లకు బదులు వెడల్పు మారు రెండు కప్పీలును, వానినడుమ ఒక పట్టీయు ఉండును. నెదర్లాండ్సుకు చెందిన డాఫ్ కంపెనీ 1958లో ఇట్టి ఏర్పాటుగల కారును ప్రదర్శించినది. నాలుగవది రెండు క్లచ్చిల పెట్టె. ఒక క్లచ్చి పనిచేయుచుండగా తరువాతి గేరును రెండవ క్లచ్చి సిద్ధపరచుకొనును.

సి.వి.టి. విషయములో ఒక విశేషము గమనింపవలెను. అందులో కారు వేగము పెరుగుచున్నను ఇంజను చుట్లు దాదాపు మారకుండ ఉండవచ్చును. కావున వేగము చూపు ముల్లును మాత్రమే చూచి ‘మార్పు జరుగుచున్నది’ అనుకొనరాదు. చుట్ల ముల్లునే చూడవలెను.

గేరు పెట్టె కూడ కుదురుకొనవలసినదే. లోపలి రాపిడి పలకలు ఎదుటి ఉక్కు పలకలతో అమరవలెను. దానిని నడుపు ఎలక్ట్రానిక్ మెదడు ఏ క్లచ్చి ఎక్కడ పట్టుచున్నదో మెల్లమెల్లగా నేర్చుకొనును. మొదటి రోజులలో గేరు మారునప్పుడు కొద్దిపాటి కుదుపు కనిపించి, తరువాత తగ్గుటకు ఇది కారణము. కుదుపు తగ్గక హెచ్చుచున్నయెడల మాత్రము సర్వీసు కేంద్రమునకు చూపవలెను.

గేరు పెట్టెకు ప్రథమ శత్రువు వేడిమి. మిట్టమీద వాహనముల వరుసలో నిలిచినప్పుడు కొందరు బ్రేకు త్రొక్కక, ఆక్సిలరేటరును కొద్దిగా త్రొక్కి కారు వెనుకకు జారకుండ నిలుపుదురు. ఎ.ఎం.టి.లోను, రెండు క్లచ్చిల కారులోను అప్పుడు క్లచ్చి సగము పట్టి జారుచు కాలును. టార్కు కన్వర్టరు కారులో ఇంజను బలమంతయు నూనెలో వేడిగా మారును. బ్రేకును ఆక్సిలరేటరును ఒకేసారి త్రొక్కినప్పుడు జరుగునదియు ఇదియే. 20 కిలోవాట్ల శక్తి 5 కిలోల నూనెలో వేడిగా మారుచున్నదనుకొందము. కిలో నూనెను ఒక డిగ్రీ వేడిచేయుటకు సుమారు 2 కిలోజౌళ్లు కావలెను. ఆ లెక్కను నూనె ఉష్ణోగ్రత క్షణమునకు 2 డిగ్రీల చొప్పున, పది క్షణములలో 20 డిగ్రీలు పెరుగును. కావున మిట్టమీద బ్రేకునే వాడవలెను. ఎడమ పాదమునకు ఈ కారులో పనిలేదు. ముందుకు పోవుచున్న కారును పూర్తిగా ఆపిన తరువాతనే వెనుక గేరు వేయవలెను. ‘పి’ గుర్తునకును అదే నియమము.

మూడు రోడ్లు

ఈ ప్రాంతమున మూడు ముఖ్యమైన రోడ్లు కలవు. శ్రీనగరునుండి కన్యాకుమారికి పోవు 44వ నంబరు జాతీయ రహదారి మేడ్చల్ మీదుగా పోవును. దీనికి పూర్వపు నంబరు 7. హైదరాబాదునుండి సిద్దిపేట, కరీంనగరుల మీదుగా రామగుండము పోవు రాజీవ్ రహదారిపై శామీర్‌పేట ఉన్నది. ఈ రెండింటిని అడ్డముగా కలుపుచు 158 కి.మీ. పొడవుగల ఔటర్ రింగు రోడ్డు పోవును. అది మేడ్చల్‌కు దక్షిణమున కండ్లకోయవద్ద జాతీయ రహదారిని, శామీర్‌పేటవద్ద రాజీవ్ రహదారిని దాటును. కండ్లకోయవద్ద మిగిలియున్న చిన్న భాగము 2018లో పూర్తియగుటతో వలయము సంపూర్ణమైనది.

కుదురుకొనుటకు ఈ మూడింటిలో మిక్కిలి తక్కువగా ఉపయోగపడునది రింగు రోడ్డే. దానిపై ఎదురు వచ్చు బండ్లు లేవు, కూడళ్లు లేవు, ద్విచక్ర వాహనములు లేవు. 2023లో అక్కడి గరిష్ఠ వేగ పరిమితిని గంటకు 100 నుండి 120 కి.మీ.కు పెంచిరి. ఆటోమేటిక్ కారు పై గేరులో పడి, నడుపువారు వేగమును స్థిరపరచు క్రూయిజ్ మీటను కూడ నొక్కినచో, ఇంజను అరగంటపాటు ఒక్క చుట్టును హెచ్చుతగ్గులు లేకుండ తిరుగగలదు. పరిమితిలో ఉన్నమాత్రమున కొత్త ఇంజనుకు 120 తగినదని అర్థము కాదు. రింగు రోడ్డు ఎక్కవలసివచ్చినచో క్రూయిజ్ మీటను వాడక, వెనుక వచ్చు బండ్లను అద్దములో చూచుకొనుచు, వేగమును 70, 90ల నడుమ మెల్లగా హెచ్చించుచు తగ్గించుచు పోవలెను.

జాతీయ రహదారిపై మేడ్చల్‌నుండి తూప్రాను వైపునకును, రాజీవ్ రహదారిపై శామీర్‌పేటనుండి తుర్కపల్లి వైపునకును ఉదయమున పోయి వచ్చుట ఇంతకంటె మేలు. దక్కను పీఠభూమి ఎత్తుపల్లములు ఇంజనుకు సహజముగానే మార్పును కలిగించును. మిట్ట ఎక్కునప్పుడు భారము, దిగునప్పుడు విశ్రాంతి. రింగు రోడ్డు ప్రక్కనున్న సర్వీసు రోడ్డు కూడ ఇందుకు తగినదే.

ఇంటినుండి అంగడికి రెండు కిలోమీటర్లు పోయి వచ్చుటవలన కిలోమీటర్ల సంఖ్య పెరుగునే కాని ఇంజను కుదురుకొనదు. అట్టి చిన్న ప్రయాణములలో నూనె వేడెక్కదు. చల్లని సిలిండరులో పూర్తిగా మండని పెట్రోలు కొంత నూనెలో కలిసి దానిని పలుచన చేయును. పొద్దున కారును చాలసేపు నిలిపియుంచి ఇంజను త్రిప్పుటయు మేలు కాదు. అర నిమిషము తరువాత బయలుదేరి, మొదటి కొద్ది కిలోమీటర్లు మెత్తగా నడుపుటయే ఉత్తమము.

బ్రేకులు, టైర్లు

ఇంజను కుదురుకొనకపోయినచో నష్టము డబ్బుతో పోవును. బ్రేకుల విషయమట్లు కాదు. కొత్త బ్రేకు పలక చక్రపు బిళ్లను అంతటను సమముగా తాకదు. పలకలోని పదార్థము పలుచని పొరగా బిళ్లకు అంటుకొనినప్పుడే పూర్తి పట్టు వచ్చును. కొత్త టైరు పైభాగమున అచ్చునుండి వచ్చిన నునుపు ఉండును. అది అరుగువరకు పట్టు కొంత తక్కువ.

ఈ ‘కొంత’ ఎంతో చూడవచ్చును. గంటకు 60 కి.మీ. అనగా క్షణమునకు 16.7 మీటర్లు. కుదిరిన బ్రేకు వేగమును క్షణమునకు 7 మీటర్ల చొప్పున తగ్గించుననుకొనినచో కారు సుమారు 20 మీటర్లలో ఆగును. కొత్త బ్రేకు 5.5 మీటర్ల చొప్పుననే తగ్గించుననుకొనినచో సుమారు 25 మీటర్లు పట్టును. తేడా 5 మీటర్లు. పాఠశాల వదలిన వేళ రోడ్డు దాటుచున్న బాలునికి ఆ ఐదు మీటర్లు ప్రాణముతో సమానము. రాజీవ్ రహదారి ఊళ్లనడుమనుండి పోవు రోడ్డు. కావున మొదటి 300 కి.మీ. ముందు బండికి ఎక్కువ దూరము విడిచి నడుపవలెను. వెనుక బండ్లు లేని ఖాళీ రోడ్డుమీద 50 కి.మీ. వేగమునుండి 10 కి.మీ.కు మధ్యమమైన ఒత్తిడితో పది పండ్రెండు మారులు తగ్గించి, ప్రతిసారియు బ్రేకులు చల్లబడుటకు ఒకటి రెండు నిమిషములు విడువవలెను. కారును పూర్తిగా ఆపి, వేడి పలకను ఒకేచోట అదిమిపట్టి ఉంచరాదు.

విద్యుత్తుతో నడచు కార్లలో సిలిండరులు, రింగులు లేవు. వానికి ఈ వ్యాసములోని మొదటి భాగము వర్తింపదు. కాని బ్రేకుల భాగము మరింత వర్తించును. వేగము తగ్గునప్పుడు మోటారే విద్యుత్తును తిరిగి పుట్టించుచు కారును నిలువరించును గనుక పలకలకు పని తక్కువ. అవి కుదురుకొనుటకు ఎక్కువ కాలము పట్టును.

నూనె

రోటినుండి రాలిన రాతిపొడిని కడిగివేయవచ్చును. ఇంజనులో అణగిన మొనలు లోహపు పొడియై నూనెలోనే కలియును. నూనె వడపోత దానిలో పెద్ద రేణువులను పట్టును. మొదటి సర్వీసు తేదీని దాటనీయరాదనుటకు ఇది ఒక కారణము. ఆ సర్వీసులో నూనె మార్చవలెనో, పరీక్ష మాత్రమే చాలునో కంపెనీ పుస్తకము చెప్పును. మొదటి వేయి కిలోమీటర్లలో నూనె కొద్దిగా తగ్గవచ్చును. కారును సమతలముపై నిలిపి, ఇంజను ఆపిన కొన్ని నిమిషములకు కొలపుల్లతో చూచి, తగ్గినయెడల కంపెనీ చెప్పిన రకమునే పోయవలెను. ‘ఘర్షణమును తగ్గించును’ అని అమ్ముచుండు ద్రవములను ఈ దశలో కలుపుట తగదు. కుదురుకొనుటకు కొంత ఘర్షణము అవసరమే గదా!

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఈ సూత్రమును రెండు ఇటుకలతో చూపవచ్చును. ఒక ఇటుక చదును ముఖమునకు రంగు సుద్దను పలుచగా పూసి, దానిని రెండవ ఇటుకపై మోపి ఎత్తవలెను. రంగు అంటిన చోట్లే నిజముగా తాకిన చోట్లు. వానిని లెక్కించి కాగితముపై గుర్తింపవలెను. తరువాత రెండు ముఖములను 100 మారులు రుద్ది, పొడిని తడిగుడ్డతో తుడిచి, ఆరిన పిదప మరల రంగు పూసి చూడవలెను. ఇట్లు ఐదారు మారులు చేసినచో రంగు అంటు చోట్లు క్రమముగా వ్యాపించును. ఒక జట్టు విద్యార్థులు చాల తేలికగాను, మరియొక జట్టు మధ్యమమైన ఒత్తిడితోను రుద్ది ఫలితములను పోల్చినచో, భారము లేనిదే తలములు అమరవను సంగతి కంటికి కనిపించును. ఫిట్టరులు రెండు లోహభాగములు సరిగా అమరినవో లేవో చూచుటకు నీలిరంగు పూసి ఇట్లే పరీక్షించుదురు.

వేయి కిలోమీటర్లు పూర్తియైన నిమిషమున ఇంజనులో ఏ అద్భుతమును జరుగదు. అరుగుదల మొదట వేగముగా ఉండి, తరువాత తగ్గి, చివరకు ఏండ్లతరబడి చాల స్వల్పముగా సాగును. వేయి అను సంఖ్య ఆ వంపు చదునుగా మారు ప్రాంతమునకు గుర్తు మాత్రమే. దానిని దాటిన పిదప వేగమును, భారమును ఒక్కసారిగా కాక క్రమముగా పెంచవలెను. ఒక కుటుంబము ఏండ్లతరబడి కూడబెట్టిన సొమ్ముతోనో, నెలనెల వాయిదాలతోనో కొన్న కారు పది పదునైదు ఏండ్లు పొగ లేకుండ నడచునా, లేదా అనునది కొంతవరకు ఈ 25 గంటల ప్రయాణములో నిర్ణయమగును.